గేటు ముందు గట్టు

ఆయన కుడి అరచేతిని బోర్లించి గాలిని కిందికి అణిచేవాడు. ఒకసారి అణిచి, సరిపోలేదన్నట్టు ఇంకోసారి అణిచేవాడు. ఎదుటి మనిషి మాట మొదలుపెట్టగానే ఆ చెయ్యి లేచేది. కుక్కరు కూత పెట్టినా లేచేది. టీవీలో వార్తలు చదివే అమ్మాయికీ అది తప్పేది కాదు. నెమ్మది అని దాని అర్థం. లోకంలో ఏ పనైనా ఇప్పుడు జరుగుతున్న దానికన్నా కాస్త నెమ్మదిగా జరిగితే మేలని ఆయన నమ్మకం. పెళ్ళయిన కొత్తలో భార్య ఆ చేతిని చూసి దీవిస్తున్నాడనుకుంది. చాలాకాలం అలాగే అనుకుంది.

ఆయన మునిసిపల్ ఆఫీసులో రోడ్ల మేస్త్రీ. స్పీడ్ బ్రేకర్లు వేయించడం ఆయన పని. ఊరంతా వాటిని స్పీడ్ బ్రేకర్లనేది, ఆయన మాత్రం గట్లు అనేవాడు. ఆయన కింద కొందరు కూలీలు, తారు కాచే పొయ్యి, ముక్కుతూ మూలుగుతూ కదిలే ఒక చిన్న రోలరు ఉండేవి. గుంటలు పూడ్చే మేస్త్రీ వేరే ఉన్నాడు. ఇద్దరివీ ఒకే గదిలో ఎదురెదురు బల్లలు. ఒకాయన రోడ్డు మీద పల్లం పోగొట్టాలి, ఒకాయన మిట్ట పెట్టాలి. గుంటల మేస్త్రీ దగ్గర ఎప్పుడూ తారు ఉండేది కాదు. గట్ల మేస్త్రీ దగ్గర ఎప్పుడూ ఉండేది. ఇద్దరూ కలిసి టీ తాగేవారు, ఆ సంగతి మాట్లాడుకునేవారు కాదు.

మొదటి గట్టు ఆయన బడి ముందు వేశాడు. అది కావలసిన గట్టు. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

కథ బడి ఎదుటి ఇంటితో మొదలయింది. గట్టు పడ్డాక కార్లు ఆ ఇంటి ముందు ఆగినట్టే ఆగి కదులుతున్నాయి. ఆగినప్పుడు లోపలివాళ్ళు ఊరికే ఉండలేక తల తిప్పి ఇల్లు చూస్తున్నారు. మేడ చూస్తున్నారు, మేడ మీద రంగు చూస్తున్నారు. ఇంటాయనకు ఇది బాగుంది. పక్కింటాయనకు బాగాలేదు. తన మేడా మేడే, తన రంగూ రంగే, కార్లు మాత్రం తన గేటు దాటేసరికి వేగం అందుకుంటున్నాయి. ఆయన మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి పిల్లల ప్రాణాలకు రక్షణ లేదని అర్జీ పెట్టాడు. ఆయనకు పిల్లలు లేరు.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. అర్జీ పెట్టినవాడి చేతికి మేస్త్రీ ఒక సుద్దముక్క ఇచ్చి ఎక్కడ కావాలో గీసుకొమ్మనేవాడు. ప్రజల అవసరం ప్రజలకే తెలుస్తుందని అప్పటి ఇంజనీరు ఎవరో పెట్టిన పద్ధతి అది. ఆ సుద్దముక్కతో ఎవరూ మలుపులో గీత గీయలేదు. రోడ్డు దాటే చోట గీయలేదు. అందరూ తమ గేటుకి సరిగ్గా నడిమధ్యన గీశారు. ఒక డాక్టరు తన గేటుకి అటొకటి, ఇటొకటి గీసి, చేతులు దులుపుకుని, రెంటి మధ్యా నిలబడి చూసుకున్నాడు. కొన్నాళ్ళకి ఆ రోడ్డు మీద గట్టు లేని ఇల్లు అప్పుల్లో ఉన్న ఇల్లని జనం అనుకోవడం మొదలుపెట్టారు. ఇల్లు అద్దెకివ్వబడును అన్న బోర్డు మీద నీళ్ళు, గాలి, వెలుతురుతో పాటు గేటు ముందు స్పీడ్ బ్రేకరు అని కూడా రాశారు.

గట్టు పడ్డాక ఇంజనీరు జీపులో వచ్చేవాడు. వెంట ఒక గుమాస్తా. గుమాస్తా గట్టు పక్కన కుర్చీ వేసుకుని, గట్టు దాటే బండ్లను లెక్కపెట్టేవాడు. గట్టు వేయక ముందు కన్నా ఇప్పుడు గంటలో తక్కువ బండ్లు దాటేవి. రద్దీ తగ్గిందని ఇంజనీరు సంతోషించేవాడు. తగ్గిన రద్దీ ఆయన వీపు వెనక బజారు దాకా వరసకట్టి హారన్లు కొడుతూ ఉండేది. ఆ మోత ఏమిటని ఆయన అడిగేవాడు. జనం తొందరపడుతున్నారండీ అని మేస్త్రీ చెప్పేవాడు. అయితే ఇంకొకటి వేయమనేవాడు ఇంజనీరు.

రెండు గట్ల మధ్య దొరికిన కాస్త చదునులో కుర్రకారు పోగొట్టుకున్న కాలాన్ని తిరిగి సంపాదించుకునేవారు. ఎగిరి దూకడం, బ్రేకు మీద నిలబడడం, మళ్ళీ ఎగిరి దూకడం. ఆ కీచుమోతకి మేడల్లో నిద్రలు పోయాయి. వేగం ఎక్కువైందని మళ్ళీ అర్జీలు వచ్చాయి. ఓపిక లేని బండ్లు వెనక వీధికి తిరిగాయి. వెనక వీధివాళ్ళు, ఇన్నాళ్ళూ తమకంటూ ఒక బాధ లేనివాళ్ళు, వచ్చి సుద్దముక్క తీసుకున్నారు. అక్కడ వేశాక బండ్లు మళ్ళీ పెద్ద రోడ్డుకే వచ్చాయి. మేస్త్రీకి పని తెగలేదు. బండ్లు ఎటు పోతే అటు ఆయన రోలరు వెళ్ళేది, ఊళ్ళో ఈగల వెంట విసనకర్ర తిరిగినట్టు.

వేసిన గట్టుని తీసిన రోజు లేదు. అందులో ఆయన మొండితనమేమీ లేదు. వేయడానికి ఆఫీసులో ఫైలుంది, తీయడానికి ఫైలు లేదు. ఒకసారి ఒక ముసలాయన తన గేటు ముందుది తీసేయమని వచ్చాడు. నడుము నొప్పి అన్నాడు. గుమాస్తాలు ఆయన్ని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పంపారు. చివరికి పార్కుల విభాగం ఆయన ఇంటి ముందు ఒక మొక్క నాటి వెళ్ళింది.

మేస్త్రీ తాను వేసిన గట్టు ఎన్నడూ ఎక్కలేదు. వాననీరు పోవడానికి ప్రతి గట్టుకీ అంచున జానెడు సందు వదిలేవాడు. ఆయన మోపెడ్ ఆ సందులోంచి పాములా జారిపోయేది. ఊళ్ళో మోపెడ్లన్నీ ఆ సందులోంచే పోయేవి. అక్కడ నడిచేవాళ్ళు గోడకు అతుక్కుని నిలబడేవారు.

ఆయనకు ఒక్కతే కూతురు. బస్సు డ్రైవరు.

చిన్నప్పుడు ఆ పిల్ల నడక నేర్వకుండానే పరుగెత్తిందని తల్లి చెప్పేది. తండ్రి చెయ్యి ఎన్నిసార్లు గాలిని అణిచినా ఆ పిల్ల నెమ్మదించలేదు. లారీ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, డిపోలో చేరింది. చేరినవాళ్ళని ముందు టెంపరరీగా పెట్టుకుంటారు. పర్మనెంటు కావాలంటే ట్రయల్ ట్రిప్పు నెగ్గాలి. కంట్రోలరు వెనక సీట్లో గడియారం పట్టుకుని కూర్చుంటాడు. డిపో నుంచి ఆస్పత్రి దాకా, బోర్డు మీద రాసిన టైములో బస్సు చేర్చాలి. రెండు అవకాశాలు. రెండూ తప్పితే డ్రైవరు సీటు పోయి షెడ్డులో బస్సులు కడిగే పనికి మారుస్తారు. అక్కడికి పోయినవాళ్ళు తిరిగి స్టీరింగు ముట్టిన దాఖలా లేదు.

బోర్డు మీద టైము రాసినప్పుడు ఆ దారిలో గట్టన్నది లేదు. తర్వాత ఎవరూ దాన్ని మార్చలేదు. ఎందుకు మార్చలేదని ఆమె అడిగితే, ఆ బోర్డు రాసిన పెయింటరు రిటైరయ్యాడని చెప్పారు.

మొదటి అవకాశం ఆమె ఎండాకాలంలో పోగొట్టుకుంది. బస్సు ఆస్పత్రి చేరేసరికి కంట్రోలరు గడియారాన్ని జేబులో పెట్టేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి, సంగతి చెప్పి, అన్నం తిని, కంచం కడిగింది. కాస్త ముందు బయల్దేరాల్సింది అన్నాడు తండ్రి. బస్సు ముందు బయల్దేరకూడదని, దానికీ ఒక టైముంటుందని ఆమె చెప్పింది. ఆయన ఆలోచించి, అయితే డిపోవాళ్ళదే తప్పన్నాడు.

ఆ ఇంట్లో రోజూ ఇదే పంచాయతీ. తల్లి మధ్యలో కూర్చుని ఇద్దరికీ వడ్డించేది.

"ఒకే కొంపలో ఒకరు బస్సు తోలుతారు, ఒకరు ఆపుతారు," అనేది. "నన్నేమో టైముకి వండమంటారు."

రెండో ట్రయల్ తేదీ వచ్చింది. అదే వారంలో వార్డు మెంబరు బావమరిది అర్జీ కూడా వచ్చింది.

బావమరిది ఆ రోడ్డు మీద కొత్తగా ఇల్లు కట్టాడు. ఇంటికి నల్లరాయి పరిచాడు, గేటుకి ఇత్తడి పూత వేయించాడు, అయినా ఏదో వెలితి. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ ఇల్లు దాటి ముందుకు పోయి, వెనక్కి తిరిగొచ్చారట. గట్టు ఉంటే ఆ బాధ ఉండేది కాదు. మెంబరు ఇంజనీరుకి చెప్పాడు, ఇంజనీరు మేస్త్రీకి చెప్పాడు. బావమరిది సుద్దముక్క పుచ్చుకుని గేటు ముందు గీత గీశాడు. గీత వంకరగా వచ్చిందని చెరిపి మళ్ళీ గీశాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కూతురు నోరు విప్పి అడిగింది. ఇంతవరకూ తండ్రిని ఆమె ఏదీ అడగలేదు.

"నాన్నా, ఈ ఒక్కటీ వద్దు. ఎల్లుండి నా ట్రిప్పు అయ్యేదాకా ఆగు. తర్వాత నువ్వు గోడ కట్టుకో, నాకేం."

ఆయన చెయ్యి లేచింది, గాలిని అణిచింది. అర్జీ మీద సంతకం పడిందని, మెంబరు గారి మాటని, రేపే పొయ్యి వెలిగించాలని చెప్పాడు. ఆమె లేచి వెళ్ళిపోతుంటే ఆగమన్నాడు.

"నీ కోసం మెత్తగా వేస్తానమ్మా. నీ బస్సు ఎక్కినట్టు కూడా నీకు తెలీదు. నేనున్నాను కదా."

"నువ్వున్నావనే నా భయం," అంది కూతురు.

తల్లి నవ్వింది. తర్వాత నవ్వకుండా ఉండాల్సిందనుకుంది.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఆఫీసు బీరువాలో అడుగున ఒక పాత నమూనా పటం ఉండేది. గట్టు ఎత్తు తక్కువగా, వెడల్పు బాగా ఎక్కువగా, ఎక్కే దారీ దిగే దారీ ఏటవాలుగా ఉండాలని అందులో గీసి ఉంది. దాని ప్రకారం వేస్తే తారు ఎక్కువ పడుతుంది, గట్టు వేసినట్టు ఎవరికీ తెలియదు. అందుకే దాన్ని అడుగున పెట్టారు. మేస్త్రీ దాన్ని బయటికి తీశాడు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడి, కూలీల చేత పొర మీద పొర వేయించాడు. రోలరు అంచుల మీద కోడిపిల్ల మీద నడిచినట్టు నడిచింది. ఆయన వంగి, బోర్లా పడుకున్నంత పని చేసి, ఆ వంపుని చెంప దగ్గర పెట్టుకుని చూశాడు. ఆయన జీవితంలో వేసిన గట్లన్నిటిలోకీ అందమైన గట్టు అది. ఆ అందం ముందే నేర్చుకుని ఉంటే ఊరు బాగుపడేది. ఆ ఊహ ఆయనకు రాలేదు.

రోడ్డుని రెండు సగాలుగా వేస్తారు. ఒక సగం ఆరేదాకా బండ్లు రెండో సగంలోంచి పోతాయి. ఆయన బస్సు వెళ్ళే వైపు సగాన్ని ముందు వేశాడు. కూతురి కోసం. పొర మీద పొర వేసిన తారు ఎండకి తొందరగా గట్టిపడదు గనుక చుట్టూ ఖాళీ తారు పీపాలు పెట్టించాడు. రేపు సాయంత్రం దాకా చక్రం ఎక్కకూడదని ఒక కూలీని కాపలా పెట్టాడు. ఎవరొచ్చి అడిగినా పీపా కదపొద్దన్నాడు. మెంబరొచ్చినా. చివరికి తానొచ్చి అడిగినా.

ఆయన ఊహలో మర్నాడు బస్సు ఆ గట్టు మీద పడవలా తేలి వెళ్ళింది. ఆ ఊహలో పీపాలు లేవు.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాడు. కూతురికి చెప్పకుండా మధ్య తలుపులోంచి ఎక్కి, గుడ్ల అట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ పక్కన కూర్చున్నాడు. డ్రైవరు వెనక సీట్లో కంట్రోలరు గడియారం అరచేతిలో పెట్టుకుని, దానికి గాలి తగలకూడదన్నట్టు వేళ్ళు మూశాడు. బస్సు టైముకి బయల్దేరింది.

మొదటి గట్టు దగ్గర మేస్త్రీ తల బస్సు కప్పుకి తగిలింది. ఆయన నివ్వెరపోయాడు. తాను వేసినదాన్ని నాలుగు చక్రాల మీద ఎక్కడం ఆయనకు అదే మొదలు. రెండోదానికి ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. డాక్టరు గేటు దగ్గర జంట గట్లు. ఒకదాని మీద ముందు చక్రాలు, ఇంకోదాని మీద వెనక చక్రాలు. బస్సు మంచంలా ఊగింది.

"ఎవడు వేశాడో గానీ వాడి నడుము విరగ," అంది గుడ్లావిడ. ఆవిడ గొంతులో కోపం లేదు. రోజూ చెప్పే మాటలా చెప్పింది.

వెనక సీట్లోంచి, దవడ వాచిన ఒకాయన, తాను ఆస్పత్రికి పన్ను పీకించుకోవడానికి పోతున్నానని, ఈ లెక్కన అక్కడికి చేరేసరికి డాక్టరుకి పని ఉండదని అన్నాడు. బస్సంతా నవ్వింది. వేసినవాడి గురించి తలా ఒక మాట వచ్చింది. వాడికి బస్సెక్కే గతి లేదా అని ఒకరు, వాడి పెళ్ళాం ఎలా వేగుతోందో అని ఒకరు. నిలబడ్డ ఒకాయన మేస్త్రీ భుజం తట్టి, మీరేమీ మాట్లాడరేమండీ అన్నాడు.

మేస్త్రీ చుట్టూ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"వాడికి బుద్ధి లేదండీ," అన్నాడు.

కొంచెం గట్టిగానే అన్నాడు. ముందు అద్దంలో కూతురి కళ్ళు ఒకసారి పైకి లేచి మళ్ళీ రోడ్డు మీద పడ్డాయి.

అయినా ఆమె బాగా నడిపింది. ఎక్కడ బ్రేకు ముట్టాలో, ఎక్కడ వదలాలో ఆమె కాలికి తెలుసు. మిట్టకీ మిట్టకీ మధ్య పోయినది కొంచెం కొంచెం తిరిగి తెచ్చుకుంది. కంట్రోలరు గడియారం చూసి కనుబొమ్మ ఎత్తాడు. అది మంచి గుర్తు. ఇంకొంచెం పోతే బావమరిది ఇల్లు, దాని తర్వాత ఆస్పత్రి.

బావమరిది ఇంటికి చాలా ముందే బస్సు ఆగింది.

ముందు కార్లు, కార్ల ముందు లారీ, లారీ ముందు పీపాలు. మిగిలిన సగం రోడ్డులోంచి ఇటు బండ్లు అటు, అటు బండ్లు ఇటు పోవాలి. ఇటువాళ్ళు వదలరు, అటువాళ్ళు వదలరు. మోపెడ్లు ఆ మధ్యలోంచి దూరి, అందరినీ కలిపి కుట్టేశాయి. డ్రైవర్లు కిందికి దిగి, నువ్వెంత అంటే నువ్వెంత అనుకుంటున్నారు. బావమరిది ఇత్తడి గేటు దగ్గర నిలబడి ఆ సంతని తృప్తిగా చూస్తున్నాడు. ఇంతమంది తన ఇంటి ముందు ఇంతసేపు ఎన్నడూ ఆగలేదు.

మేస్త్రీ బస్సు దిగి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. పీపాల దగ్గరికి పోయి, తియ్యి తియ్యి అన్నాడు కూలీతో. కూలీ పీపా మీద కూర్చునే ఉన్నాడు.

"మీరొచ్చి అడిగినా తీయొద్దన్నారు మేస్త్రీ గారూ."

"నేనే చెప్తున్నాను కదయ్యా."

"అదే. మీరే చెప్పారు."

ఆయన స్వయంగా ఒక పీపా మీద చెయ్యి వేశాడు. కూలీ లేచి, మడమతో గట్టు అంచుని నొక్కి చూపించాడు. మడమ దిగబడింది. బస్సు ఎక్కితే అక్కడే ఉండిపోతుంది. కూలీ మాట నిజం. మేస్త్రీ పీపా మీద నుంచి చెయ్యి తీశాడు. ఎవరి మీద కోప్పడాలో తెలియక రోలరు వైపు చూశాడు.

బస్సు ఆస్పత్రి చేరేసరికి పన్ను నొప్పాయన నిద్రపోయాడు. కంట్రోలరు దిగి, బస్సు పక్కన నిలబడి, కొంతసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, రూలు మనిషి. రోడ్డు పని జరుగుతుంటే ట్రిప్పు లెక్కలోకి రాదని ఒక రూలుంది, దాన్ని వాడవచ్చునన్నాడు. రేపు పొద్దున ఇదే ట్రిప్పు మళ్ళీ. అదే ఆఖరు. రేపూ తప్పితే షెడ్డు.

ఆమె తలూపి, బస్సు వెనక్కి తిప్పింది.

సాయంత్రానికి పీపాలు తీశారు, రెండో సగం ఇంకా వేయలేదు. మొదటి సగం ఆరింది. బావమరిది తన కారు బయటికి తీసి, గేటు ముందు నుంచి పోనిచ్చి చూశాడు. మళ్ళీ వెనక్కొచ్చి, మళ్ళీ పోనిచ్చి చూశాడు. తర్వాత కారు దిగి గట్టు ఎక్కడుందని అడిగాడు. మేస్త్రీ చూపించాడు. బావమరిది దాని మీద నిలబడి, తాను మోసపోయానని అర్థం చేసుకున్నాడు. పక్క గేట్ల ముందువి పీపాలంత ఉంటే తన గేటు ముందుది చాపంత ఉంది. కార్లు ఆగడం లేదు, వంగడం లేదు, తేలిపోతున్నాయి. ఆయన అక్కడి నుంచే మెంబరుకి ఫోను చేశాడు. మెంబరు ఇంజనీరుకి చేశాడు. ఇంజనీరు మేస్త్రీకి చేశాడు.

ఇంజనీరు విసిగి ఉన్నాడు. అర్జీలు, హారన్లు, బావమరుదులు. "ఆ రోడ్డు మీద అన్నీ ఒక్క తీరుగా ఉండాలయ్యా," అన్నాడు. "కావాలంటే మొత్తం తీసి మళ్ళీ వెయ్యి. నా ప్రాణం తీయకు."

ఫోను పెట్టేశాక మేస్త్రీ రోడ్డు మీద అలాగే నిలబడ్డాడు. ఆఫీసు నోటి నుంచి తీయమన్న మాట ఆయన ఎన్నడూ వినలేదు.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు వరండాలో కూర్చుని బూట్లు విప్పుతోంది. ఆయన ఆమె ముందు నిలబడి, పాత పటం గురించి, గట్టు వెడల్పు గురించి, బస్సు వైపు సగం ముందు ఎందుకు వేశాడో దాని గురించి చెప్పాడు. ఆమె విన్నది. ఆయన మెత్తగా వేసిన సంగతి నిజమేనని, తిరుగు ట్రిప్పులో చూసుకున్నానని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలుకి ఆయన మొహం వెలిగింది. అప్పుడామె రెండో బూటు విప్పి పక్కన పెట్టింది.

"నాన్నా, నాకింక ఏ మంచీ చెయ్యొద్దు," అంది. "రేపొక్క పూట. నీకు దణ్ణం పెడతాను."

లోపలి నుంచి తల్లి, ఇద్దరూ చేతులు కడుక్కుని రమ్మంది. ఆ పూట ఆయన చెయ్యి దేన్నీ అణచలేదు. అన్నం మాత్రం కొంచెం తొందరగా తిన్నాడు. కూలీలకు ఫోన్లు చేసి, గడ్డపారలూ సమ్మెటలూ తెమ్మన్నాడు. తారు పొయ్యి అక్కర్లేదన్నాడు. వాళ్ళు రెండుసార్లు అడిగారు.

మర్నాడు తెల్లవారుతుండగానే ఆయన డాక్టరు గేటు ముందు ఉన్నాడు. కూలీలు బస్సు వెళ్ళే వైపు నుంచి మొదలుపెట్టారు. మొదటి దెబ్బకే డాక్టరు లుంగీ మీద బయటికొచ్చి, ఎవర్నడిగి తీస్తున్నారన్నాడు. మేస్త్రీ నిదానంగా చెప్పాడు. ఇంజనీరు గారి ఆర్డరు. పాతవన్నీ తీసి కొత్తవి. ఇంతకన్నా పెద్దవి. అన్నీ ఒక్క తీరు.

"ఇంతకన్నా పెద్దవా," అన్నాడు డాక్టరు. లోపలికెళ్ళి కూలీలకి టీ పంపించాడు.

కబురు గేటు నుంచి గేటుకి పోయింది. పెద్ద గట్టు అన్న మాట పాలప్యాకెట్ల కన్నా ముందు ఇళ్ళలోకి చేరింది. జనం గేట్లు తీసుకుని బయటికొచ్చారు. ముందు ఎవరిది తీస్తారన్న దగ్గర తగువు వచ్చింది. ముందు తీసినవాళ్ళకే ముందు వేస్తారని ఎవరో అన్నారు. ఆ మాట తాను అనలేదు గనుక మేస్త్రీ దాన్ని ఖండించలేదు. ఒకాయన కూలీల కోసం ఆగలేక సొంత గడ్డపార తెచ్చుకుని, తన గట్టుని తానే కుళ్ళగించడం మొదలుపెట్టాడు. ఎదుటింటాయన అది చూసి కొడుకునీ అల్లుడినీ దింపాడు. ఇన్నేళ్ళుగా తీయడానికి ఫైలు లేని గట్లు టీలు చల్లారేలోపు లేచిపోయాయి. ఆడవాళ్ళు చీపుళ్ళు తెచ్చి కంకర ఊడ్చేశారు, కొత్తది శుభ్రమైన చోట పడాలని. మేస్త్రీ అటూ ఇటూ తిరుగుతూ, బస్సు వైపు ముందండీ, బస్సు వైపు ముందు, అటు వైపు తర్వాత చూద్దాం అని చెబుతున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తొందరగా ఉంది.

బడి ముందు గట్టుని ఆయన ముట్టనివ్వలేదు. బావమరిది గట్టు దగ్గరికీ పోలేదు. బావమరిది ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. గొడవ మొదలుపెట్టినవాడు తానైతే ముందు తనదే తీయాలి కదా అన్నాడు. మీది కొత్తది కదండీ, వరసలో చివర వస్తుందన్నాడు మేస్త్రీ.

బస్సు వచ్చింది. డాక్టరు గేటు దాటింది. దాటుతూ కుదపలేదు. మేస్త్రీ కంకర కుప్ప పక్కన నిలబడి, సమ్మెట కర్ర బిగింపు సరిచూస్తున్నట్టు నటించాడు. బస్సు బావమరిది గట్టు మీద కొంచెం లేచి, కొంచెం దిగి, ఆస్పత్రి వైపు పోయింది.

అది తిరిగొచ్చేదాకా ఆయన అదే సమ్మెట పట్టుకుని ఉన్నాడు. తిరిగొస్తూ బస్సు అటు వైపు గట్ల మీద ఊగుతూ వచ్చింది, ఆగలేదు. కూతురు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. కండక్టరు మాత్రం మెట్టు మీదికి వంగి అరిచాడు.

"ముందే చేర్చింది మేస్త్రీ గారూ. కంట్రోలరు గడియారం ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు."

మేస్త్రీ సమ్మెట కింద పెట్టాడు. బావమరిది ఇంకా పక్కనే ఉన్నాడు. ఇంతకీ కొత్తవి వేయడం ఎప్పుడన్నాడు.

"తారు రాగానే అండీ."

"తారు ఎక్కడుంది?"

"లారీ దార్లో ఉంది," అన్నాడు మేస్త్రీ. "దారంతా స్పీడ్ బ్రేకర్లు కదండీ."

అని, అటు వైపు సగం తీయడానికి కూలీలని డాక్టరు గేటు దగ్గరికి తీసుకుపోయాడు.